రెండు నెలల కోసం కారు ఇన్సూరెన్స్: మా బాబాయి కారు విషయంలో నాకు జరిగింది

మీరు రాయగడలో ఉంటున్నారు. ఇంట్లో చెల్లెలి పెళ్లి ఉంది. విశాఖలో ఉన్న మీ మేనమామ గారు తన కారు రెండు నెలలు వాడుకోమని ఇస్తున్నారు. దాని ఇన్సూరెన్స్ ఇంకో వారంలో అయిపోతోంది. ఆ రెండు నెలలకు మాత్రమే పాలసీ దొరుకుతుందా, దొరికితే తక్కువలో ఎలా తీసుకోవాలి అని అడిగారు. నేను గుణుపురంలో మందుల షాపు నడుపుతున్నాను. 2023లో దాదాపు ఇదే పరిస్థితిలో పడి కొంత డబ్బు నష్టపోయాను. మీకు ఇంకా వారం టైముంది కాబట్టి ఆ నష్టం మీకు రాకూడదని వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో ఇన్సూరెన్స్ బండికి ఉంటుంది, నడిపే మనిషికి కాదు. లండన్‌లో ఉన్న చుట్టాలు "ఎవరి కారైనా తీసుకుంటే రోజుల లెక్కన మన పేరు మీద పాలసీ తీసుకోవాలి" అని చెబుతుంటారు. అది అక్కడి పద్ధతి. ఇక్కడ కారు మీద పాలసీ నడుస్తున్నంత కాలం, మీ మావయ్య గారి అనుమతితో, సరైన లైసెన్స్ ఉన్నవాళ్లు ఎవరు నడిపినా అదే పాలసీ వర్తిస్తుంది. ఆంధ్రా నంబరు కారు ఒడిశాలో తిరిగినా పాలసీ చెల్లుతుంది, దేశమంతా ఒకటే. కాబట్టి మీ పేరు మీద విడిగా ఏమీ తీసుకోనక్కర్లేదు. ఆయన పేరు మీద ఉన్న పాలసీని రెన్యువల్ చేయించడమే మీ పని.

ఇక రెండు నెలల పాలసీ సంగతి. ఆన్‌లైన్‌లో మీరు వెతికితే ఎక్కువగా ఏడాది పాలసీలే కనబడతాయి. అయితే పాత మోటార్ టారిఫ్‌లో, అంటే 2002 నాటి బండ్ల ఇన్సూరెన్స్ రేట్ల పట్టికలో, తక్కువ కాలానికి ఒక లెక్క ఉంది. నెలలోపు అయితే ఏడాది ప్రీమియంలో 20 శాతం, రెండు నెలల వరకు 30 శాతం, మూడు నెలల వరకు 40 శాతం, అలా నెలకు పది శాతం చొప్పున పెరుగుతూ పోయి, ఎనిమిది నెలలు దాటితే మొత్తం ఏడాదిదీ కట్టాలి. నేను బ్రాంచికి వెళ్లి అడిగినప్పుడు అక్కడి ఆఫీసరు గారు ఈ లెక్కే చెప్పి, "ఇస్తాం గానీ మీకు లాభం ఉండదండీ" అన్నారు. ఆయన మాట ఎందుకు నిజమో మా బాబాయి కారు సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

బాబాయిది 1197 సీసీ చిన్న పెట్రోలు కారు. ఆయన చాలా జాగ్రత్త మనిషి, ఆరేళ్లు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. అందుకని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతానికి చేరింది. ఇది మొదటి ఏడాది 20, తర్వాత 25, 35, 45, అయిదో ఏడాదికి 50 అవుతుంది. అంతకు మించి పెరగదు. ఆ ఏడాది ఆయన కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయి, కారు మా పెరట్లో పనస చెట్టు కింద పెట్టి తాళాలు నాకిచ్చారు. మార్చి 9న పాలసీ అయిపోయింది. కారు తిరగడం లేదు కదా, అవసరం వచ్చినప్పుడు చూద్దాం అనుకున్నాను. జూన్‌లో మా మేనకోడలి పెళ్లి పనులు మొదలై, జూన్ 12న పాలసీ కాగితం బయటికి తీశాను. పాలసీ అయిపోయాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేస్తేనే బోనస్ నిలుస్తుంది. జూన్ 7కే ఆ గడువు దాటింది. అయిదు రోజుల తేడా. బోనస్ ఉంటే ఓన్ డ్యామేజ్ భాగానికి, అంటే మన కారుకు జరిగే నష్టానికి ఇచ్చే కవర్‌కు, 2,740 రూపాయలు అయ్యేది, లేకపోయేసరికి 5,480 అయింది. జీఎస్టీ కలిపితే మూడు వేల రెండొందల పైచిలుకు ఊరికే పోయింది. డబ్బు కన్నా, బాబాయికి ఫోన్ చేసి ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ 50 శాతం మళ్లీ రావాలంటే ఆయనకు అయిదేళ్లు పడుతుంది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. నేను కట్టినప్పుడు థర్డ్ పార్టీకి, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే కవర్‌కు, నడిచినది 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక. వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీకి 3,416, ఆ పైన 7,897. దీనికి 18 శాతం జీఎస్టీ అదనం. 1197 సీసీకి ఏడాదికి 4,031 అయింది. రెండు నెలలకే తీసుకుని ఉంటే సుమారు 1,209 అయ్యేది. పైకి 2,800 మిగిలినట్టే ఉంటుంది. కానీ బోనస్‌లో పై మెట్టు ఎక్కాలంటే పూర్తి పన్నెండు నెలలు క్లెయిమ్ లేకుండా గడవాలి. రెండు నెలల పాలసీ అయిపోయాక మీ మావయ్య గారు మళ్లీ 90 రోజుల్లోపు కట్టకపోతే ఉన్న బోనస్ కూడా పోతుంది. పెళ్లి పనులు, ఆ తర్వాత పెట్టుపోతల హడావుడి, మధ్యలో ఆ తేదీ ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? కారు ఆయన ఎలాగూ తర్వాత వాడుకుంటారు. అందుకని ఏడాదికే కట్టి, ఎంత మీరు, ఎంత ఆయన అనేది ఇద్దరూ మాట్లాడుకోండి. కారు రెండు నెలల తర్వాత అమ్మేసే ఉద్దేశం ఉంటే తప్ప చిన్న పాలసీ వద్దని నా సలహా.

ఇంకో సంగతి. కారు 2018 సెప్టెంబరు 1 తర్వాత కొన్నదైతే, కొన్నప్పుడే మూడేళ్ల థర్డ్ పార్టీ కట్టించుకుని ఉంటారు. కొని మూడేళ్లు కాకపోతే అది ఇంకా నడుస్తూనే ఉంటుంది, అయిపోతున్నది ఓన్ డ్యామేజ్ భాగం మాత్రమే. అప్పుడు మీరు కట్టాల్సింది ఆ ఒక్కటే. పాలసీ కాగితం మీద రెండు భాగాలకూ తేదీలు వేరువేరుగా ఉంటాయి, మావయ్య గారిని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి.

ఖర్చు తగ్గించే చోట్లు ఏవో చెబుతాను. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీలోనైనా ఒకటే, అక్కడ బేరం లేదు. బేరమంతా ఓన్ డ్యామేజ్‌లోనే. 2007 నుంచి దాని ధర కంపెనీల ఇష్టం కాబట్టి కనీసం మూడు చోట్ల అడగండి. మీలాంటి అవసరానికి నాకు అన్నిటికన్నా సరిపోయేదిగా అనిపించేది కిలోమీటర్ల లెక్కన కట్టే పాలసీ. 2022 జులైలో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ వీటికి అనుమతి ఇచ్చింది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే తిరుగుతుంది అని ముందే చెబితే ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గుతుంది. మావయ్య గారి కారు మిగతా పది నెలలు ఎక్కువగా ఇంట్లోనే ఉంటుందంటే తప్పకుండా అడగండి. కాకపోతే పెళ్లి తిరుగుళ్లు తక్కువ అంచనా వేయకండి. రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖకు బట్టలకు రెండుసార్లు, బంగారానికి ఒకసారి, శుభలేఖలు పంచడానికి జయపురం, బరంపురం, పర్లాకిమిడి, అన్నీ కలిపి కాగితం మీద రాసుకుని, దానిమీద కొంత ఎక్కువే పెట్టుకోండి.

వాలంటరీ డిడక్టబుల్ అని ఇంకొకటి ఉంది. క్లెయిమ్ వస్తే మొదటి 2,500 లేదా 5,000 మేమే పెట్టుకుంటాం అని ఒప్పుకుంటే ప్రీమియం కొంత తగ్గిస్తారు. కొత్త చేతులు నడిపే కారుకు పెద్ద మొత్తం పెట్టుకోవద్దు. అలాగే ఓనరుకు 15 లక్షల యాక్సిడెంట్ కవర్ తప్పనిసరి అని కలుపుతారు. మావయ్య గారికి ఇంకో బండి పాలసీలోనో విడిగానో అంత కవర్ ఇప్పటికే ఉంటే రెండోసారి కొననక్కర్లేదు, ఆ మాట ఏజెంటుకు ముందే చెప్పండి. ఆ కవర్ ఓనరుకే వర్తిస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి. నడిపేది మీరు, కూర్చునేది మీ వాళ్లు. కాబట్టి పేర్లు లేకుండా ప్రయాణికులందరికీ వర్తించే యాక్సిడెంట్ కవర్ కలపమనండి. దానికయ్యేది చాలా తక్కువ.

కొందరు ఏజెంట్లు ప్రీమియం తగ్గించామని చూపించడానికి ఐడీవీ, అంటే కారు విలువ, తగ్గించేస్తారు. కారు పోయినా, పూర్తిగా దెబ్బతిన్నా మీ మావయ్య గారి చేతికి వచ్చేది ఆ విలువే. నాలుగు వందలు మిగుల్చుకోవడానికి యాభై వేల విలువ తగ్గించుకోకండి. థర్డ్ పార్టీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల వరకు కవర్ ఉంటుంది. దాన్ని ఆరు వేలకు తగ్గించుకుంటే వంద రూపాయలు తగ్గుతుంది అని నాకు చెప్పారు. నేను వద్దన్నాను, మీరూ అనండి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఒక మలుపులో ఎదురుగా వచ్చే కారును తాకితే అయ్యే ఖర్చు ముందు ఆరు వేలు ఏ మూలకీ రావు.

మీరు రెండు నెలలే కాబట్టి థర్డ్ పార్టీ ఒక్కటే చాలనుకోవచ్చు. వానాకాలంలో మన రోడ్లు మీకు తెలుసు. ఘాట్‌లో కొండచరియ విరిగిపడినా, గెడ్డ పొంగి కారు మునిగినా, చెట్టు కొమ్మ పడినా వచ్చే నష్టం ఓన్ డ్యామేజ్‌లోనే వస్తుంది. అరువు తెచ్చుకున్న కారు కదా, అది లేకుండా తీసుకెళ్లడం నాకు మనసొప్పదు. ఒకటి మాత్రం చూసుకోండి. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్ పాడవుతుంది. ఆ నష్టం మామూలు పాలసీలో రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ కలుపుకుంటేనే వస్తుంది.

పాలసీ అయిపోకముందే కట్టండి. ఒక్కరోజు దాటినా ఓన్ డ్యామేజ్ కోసం కారును ఇన్‌స్పెక్షన్ చేస్తారు. మాకు ఫోన్‌లో వీడియో తీయమని లింకు పంపారు. చుట్టూ తిరిగి నాలుగు వైపులా, నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు, ఇంజన్ స్టార్ట్ చేసి మీటరు రీడింగు, అన్నీ ఒకే వీడియోలో రావాలి. మా పెరట్లో సిగ్నల్ ఒక గీత కూడా సరిగ్గా ఉండదు. చిరుజల్లులో గొడుగు ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని తీస్తుంటే రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. చివరికి ఛాసిస్ నంబరు మీద మట్టి గుడ్డతో తుడిచి మళ్లీ తీశాను, అప్పటికి టైము దాటిపోయింది. ఆ రోజుకు థర్డ్ పార్టీ మాత్రం తీసుకుని, మూడు రోజుల తర్వాత మరో లింకుతో వీడియో పూర్తిచేసి మిగతా భాగం తీసుకున్నాం. ఆ మూడు రోజులూ కారు చెట్టు కిందే ఉంచాను. ఆ టెన్షన్ మీకెందుకు? మీకు వారం ఉంది, ఈ రోజే మొదలుపెట్టండి.

ఇన్సూరెన్స్ లేకుండా ఒక్కసారే కదా, పక్క ఊరికే కదా అని మాత్రం బయలుదేరవద్దు. దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000, మూడు నెలల వరకు జైలు కూడా వేయవచ్చు. ఒడిశాలో 2025 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్ల దగ్గర కెమెరాలే నంబరు చదివి ఇన్సూరెన్స్ లేని బండికి చలానా వేస్తున్నాయి. జరిమానా చిన్న విషయం. ఎవరికైనా దెబ్బ తగిలితే నష్టపరిహారం లక్షల్లో ఉంటుంది, అది మీ మావయ్య గారి మీద, మీ మీద పడుతుంది.

పెళ్లి రోజుల్లో తాళాలు చేతులు మారతాయి. లైసెన్స్ లేని కుర్రాళ్లకు ఇవ్వకండి. ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆ తగిలినవాళ్లకు కంపెనీ పరిహారం కట్టి, ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసే అవకాశం ఉంది. ఇంకొకటి, మావయ్య గారికి పెట్రోలు కొట్టించి ఇవ్వండి, కానుక ఇవ్వండి. అద్దె అని మాత్రం ఇవ్వకండి, ఇంకెవరి దగ్గరా తీసుకోకండి. తెల్ల నంబరు ప్లేటు కారును అద్దెకు తిప్పితే ఆ క్లెయిమ్ నిలబడదు.

చిన్న గీతలకు క్లెయిమ్‌కు వెళ్లకండి. మా కారు వెనక బంపర్ పెళ్లి పందిరి రాటకు తగిలి పగిలింది. కొత్తది 4,000 అన్నారు. ప్లాస్టిక్ సామాన్లకు సగం తరుగు తీసేస్తారు, పైగా మొదటి వెయ్యి మనమే పెట్టుకోవాలి. అంటే కంపెనీ నుంచి వచ్చేది వెయ్యి. దానికోసం ఆ ఏడాది బోనస్ వదులుకోవాలి. నేను జేబులోంచి కట్టేశాను.

కట్టాక పాలసీ మీద "నుంచి" అని ఉన్న తేదీ, టైము చూడండి. చాలాసార్లు డబ్బు కట్టిన క్షణం నుంచి కాకుండా ఆ అర్ధరాత్రి నుంచి మొదలవుతుంది. అప్పటిదాకా కారు తీయకండి. తర్వాత ప్రభుత్వం వారి ఎమ్‌పరివాహన్ యాప్‌లో కారు నంబరు కొట్టి ఇన్సూరెన్స్ తేదీ మారిందో లేదో చూసుకోండి. చాలా తక్కువకు ఇస్తామని ఎవరైనా చెబితే ఇది మరీ ముఖ్యం, కారు నంబరుకు బైకు పాలసీ అంటగట్టిన వాళ్లను నేను చూశాను.

మీ మావయ్య గారి కారు ఎన్ని సీసీ, ఏ సంవత్సరంలో కొన్నది, బోనస్ ఎంత శాతం ఉంది, ఈ మూడూ ఇక్కడ రాయండి. ఏ భాగానికి ఎంత అవుతుందో లెక్క వేసి చెబుతాను.