భూకంప తీవ్రతా, పరిమాణమా?

సందేహం: "రిక్టర్ స్కేలుపై భూకంప తీవ్రత 7.1గా నమోదైంది" అని వార్తల్లో తరచూ చదువుతుంటాం. మా అమ్మాయి పాఠంలో మాత్రం పరిమాణం వేరు, తీవ్రత వేరు అని ఉంది. రెండూ ఒకటి కావా? అలాగే, సునామీని ఉప్పెన అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అమ్మాయి పాఠంలో ఉన్నదే సరైనది. వార్తల్లోని వాక్యం మనకు ఎంత అలవాటైపోయినా, 7.1 పక్కన 'తీవ్రత' అని రాయడం పొరపాటే.

మాటల దగ్గరే మొదలుపెడదాం. 'పరిమాణం'లో ఉన్నది 'మా' ధాతువు. కొలవడం దాని అర్థం. భూమి లోపల పగులు ఎంత మేర జారింది, ఎంత శక్తి బయటపడింది అన్నదాని కొలత అది. ఒక భూకంపానికి ఒకే పరిమాణం. (దీన్ని 'పరిణామం' అని రాసేవాళ్లూ ఉన్నారు. అది పూర్తిగా వేరే మాట. మార్పు, పర్యవసానం అని దానికి అర్థం.)

'తీవ్రత' అలాంటిది కాదు. తీవ్రమైన ఎండ, తీవ్రమైన నొప్పి అంటాం. అనుభవించేవాళ్లు లేకపోతే ఆ మాటకు చోటే లేదు. ఎండ ఒకటే అయినా చెట్టు కింద నిలబడినవాడికి ఒకలా ఉంటుంది, తారు రోడ్డు మీద నడిచేవాడికి ఒకలా ఉంటుంది. భూకంప తీవ్రతా అంతే, ఊరూరికీ మారుతుంది. అందుకే ఎవరైనా తీవ్రత ఇంత అనగానే 'ఎక్కడ?' అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేని వాక్యంలో తీవ్రత అన్న మాట ఇమడదు.

తీవ్రతను కొలిచే పద్ధతి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త జుసెప్పె మెర్కల్లీ 1902లో తయారుచేసిన స్కేలును తర్వాతివాళ్లు సవరించి 12 స్థాయిలు చేశారు. అందులో ఉన్నవి లెక్కలు కావు, క్రియాపదాలు! రెండో స్థాయిలో వేలాడే వస్తువులు మెల్లగా ఊగుతాయి. నాలుగో స్థాయిలో గిన్నెలు గలగలమంటాయి, కిటికీలు గడగడలాడతాయి. ఐదులో నిద్రపోతున్నవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు, గోడ గడియారం లోలకం ఆగిపోవచ్చు. ఆరులో బరువైన బీరువాలు జరుగుతాయి, అక్కడక్కడ గోడల పెచ్చులు ఊడతాయి. అలా పైకి వెళ్లేకొద్దీ బీటలు వారడం, ఒరగడం, కూలడం. ఈ స్థాయిలను రోమన్ అంకెలతో రాసే ఆనవాయితీ ఉంది, మధ్యలో దశాంశాలు ఉండవు. కాబట్టి 7.1 అని చుక్క పెట్టిన అంకె కనిపిస్తే అది పరిమాణమే అని గుర్తుపట్టవచ్చు.

రెండూ ఒకటి కావనడానికి 1985 సెప్టెంబరు 19 నాటి మెక్సికో భూకంపం కన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. పరిమాణం 8.0. పుట్టింది పసిఫిక్ తీరంలో. వేలమంది చనిపోయింది మాత్రం అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మెక్సికో నగరంలో. నగరం నడిబొడ్డు ఒకప్పటి సరస్సు అడుగున పేరుకున్న మెత్తని బంకమట్టి మీద ఉంది. దూరం నుంచి వచ్చిన భూకంప తరంగాలను ఆ మట్టి పెంచి, దాదాపు రెండు సెకన్లకోసారి అటూ ఇటూ ఊపింది. అదే లయలో ఊగే ఎత్తున్న భవనాలు, అంటే సుమారు 6 నుంచి 15 అంతస్తులవి, ఎక్కువగా దెబ్బతిన్నాయి. అదే నగరంలో రాతి నేల మీద ఉన్న పేటలకు చాలా తక్కువ నష్టం. ఒకే భూకంపం, ఒకే పరిమాణం, పక్కపక్క పేటల్లోనే వేర్వేరు తీవ్రతలు. ఈ సంగతిని 'తీవ్రత 8.0' అని రాసే భాషలో ఎలా చెప్పగలం?

జపాన్ వాళ్లు ఈ రెంటినీ కలవనివ్వరు. తీవ్రతకు 'షిందో' అనే సొంత మాట, పరిమాణానికి 'మాగ్నిట్యూడ్' అనే అరువు మాట. 2011 మార్చి 11 నాటి భూకంపం మాగ్నిట్యూడ్ 9.0. షిందో మాత్రం మియాగి ప్రాంతంలోని కురిహరాలో 7, టోక్యోలో ఎగువ 5 (వాళ్ల 5లో దిగువ, ఎగువ అని రెండు మెట్లుంటాయి). వాళ్ల స్కేలులో అన్నిటికన్నా పై మెట్టే 7. మనకు రెండు మాటలూ సొంతవే ఉన్నాయి, అయినా ఒకదాన్ని మూలన పడేశాం. అది నాకు బాధగా ఉంటుంది.

ఇక 'రిక్టర్ స్కేలుపై' అన్నది. రిక్టర్ 1935లో ఆ పద్ధతిని దక్షిణ కాలిఫోర్నియా కోసం రూపొందించారు. చాలా పెద్ద భూకంపాలను అది తక్కువ చేసి చూపిస్తుంది. అందుకే పగులు ఎంత మేర జారిందో చూసి లెక్కగట్టే, 1979లో వచ్చిన మొమెంట్ మాగ్నిట్యూడ్ పద్ధతినే వాటికి వాడుతున్నారు. కనుక రిక్టర్ పేరు వదిలేసి '7.1 పరిమాణంతో భూకంపం వచ్చింది' అంటే చాలు. ఇది పదికి ఏడు మార్కుల లెక్క కూడా కాదు. అంకె ఒకటి పెరిగితే శక్తి సుమారు 32 రెట్లవుతుంది, రెండు పెరిగితే వెయ్యి రెట్లు. 'భూకంప తీవ్రతకు ఇళ్లు కూలాయి' అని అంకె లేకుండా రాస్తే మాత్రం తప్పు లేదు.



సునామీని ఉప్పెన అనవద్దనే నా అభిప్రాయం. ఉప్పెన తుపాను గాలి తోసుకొచ్చేది. ఆ మాట వినగానే మనవాళ్లు మబ్బు కోసం, గాలి కోసం చూస్తారు. సునామీకి మబ్బు అక్కర్లేదు. సముద్రం అడుగు ఒక్కసారిగా లేచినా కుంగినా, దాని మీదున్న నీళ్లన్నీ కదులుతాయి. నడిసముద్రంలో ఆ అల ఎత్తు సాధారణంగా మీటరు కూడా ఉండదు, పడవలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఒడ్డుకు చేరేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. కొన్నిసార్లు ముందు నీరు వెనక్కి పోయి ఇసుక బయటపడుతుంది. నిర్మలమైన ఆకాశం కింద అలా జరుగుతున్నప్పుడు 'ఉప్పెన వస్తోంది' అని అరిస్తే ఎవరు నమ్ముతారు? జపాన్ భాషలో 'త్సు' అంటే రేవు, 'నామి' అంటే అల. 2004 డిసెంబరు తర్వాత ఆ మాట మనకూ తెలిసిపోయింది. 'త్సునామి' అని రాయనక్కర్లేదు, మన నోట నలిగిన 'సునామీ' చాలు.