‘లవకుశ’లో ఉన్న చాకలి ఉత్తరకాండలో లేడేం? సినిమాను మూలంతో పోల్చే పద్ధతి

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: “లవకుశ సినిమా చూసి, వాల్మీకి ఉత్తరకాండ తెరిచాను. చాకలి లేడు. లవకుశులు రాముడితో యుద్ధం చేయడమూ లేదు. సినిమావాళ్లే కల్పించారా? హనుమకొండలో మేం నలుగురం కూర్చొని పాత పౌరాణికాలను మూలాలతో పోల్చి చూద్దామనుకుంటున్నాం. ఎట్లా మొదలుపెట్టాలి?”

కల్పించలేదు. మీరు సినిమా పక్కన పెట్టిన పుస్తకం సరైనదే కానీ, అదొక్కటే సరిపోదు. తెలుగు పౌరాణికాలను పోల్చేవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. ఒక చివర వాల్మీకినో వ్యాసుడినో పెడతారు, ఇంకో చివర సినిమాను పెడతారు. నడుమ ఉన్న తెలుగు కావ్యం, రంగస్థల నాటకం, ఊళ్లో ఆడే ఆట లెక్కలోకి రావు. తేడా కనబడిందల్లా దర్శకుడి నెత్తిన వేస్తారు.

లవకుశ సంగతే చూడండి. 1963లో వచ్చిన ఆ సినిమాకు సి.పుల్లయ్య, సి.ఎస్.రావు దర్శకులు. ఇదే కథను పుల్లయ్య 1934లోనే ఒకసారి తీశారు. అంటే ఇది తనను తాను తిరగరాసుకున్న సినిమా కూడా. ఇగ చాకలి సంగతి. వాల్మీకి ఉత్తరకాండ 43వ సర్గలో రాముడు కొలువులో వినోదపు మాటలు చెప్పే భద్రుణ్ని అడుగుతాడు, జనం ఏమనుకుంటున్నారని. భద్రుడు వీధుల్లో, అంగళ్లలో వినబడే మాట చెబుతాడు. అది ఊరందరి మాట, ఒకడిది కాదు. అదే భాగవతం నవమ స్కంధానికి వస్తే రాముడు మారువేషంలో తిరుగుతుంటాడు. ఒకడు తన భార్యను తిడుతూ “నిన్ను మళ్లీ ఏలుకోవడానికి నేను రాముణ్ని కాను” అనే అర్థం వచ్చే మాట అంటాడు. అక్కడ గుంపు కాస్తా ఒక్క మనిషి అయ్యింది, మొగుడూ పెళ్లాల గొడవ వచ్చింది. వాడి వృత్తి ఏమిటో మాత్రం చెప్పలేదు. చాకలి అన్న మాట తర్వాతి కథల్లో, పద్మపురాణం దారిలో చేరింది. సినిమాకు వచ్చేసరికి రేలంగి, గిరిజ జంట, ఒక పాట, నవ్వులాట. నాటకం ఆడేవాళ్లకు కరుణరసం ముందు కాసేపు హాస్యం కావాలి. ఈ జంట పుట్టింది ఆ అవసరంలోంచే అని నా లెక్క.

యుద్ధం సంగతీ అంతే. వాల్మీకిలో పిల్లలు బాణం పట్టరు. 66వ సర్గలో పుడతారు, 93, 94 సర్గల్లో అశ్వమేధం దగ్గర రామాయణం పాడతారు, 97లో సీత భూమిలోకి వెళుతుంది. గుర్రాన్ని కట్టేసి సేనను ఓడించే కథ జైమిని భారతానిది. తెలుగులో దాన్ని 15వ శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు రాశాడు. సినిమా యుద్ధాన్ని అటునుంచి తెచ్చుకుంది, ముగింపును వాల్మీకి దగ్గర ఉంచింది. పాటనూ వదల్లేదు. పిల్లల రామకథా గానమే ఆ సినిమాకు ప్రాణం. నన్నడిగితే ఈ అతుకు చాలా తెలివైనది. ఉత్త గానంతో ముగిస్తే చివరి అరగంట కూర్చోబెట్టడం కష్టం.

ఒక జాగ్రత్త. పైన నేను ఇచ్చిన సర్గల అంకెలు మామూలుగా దొరికే ప్రతులవి. వడోదరలో పరిష్కరించిన ప్రతి పట్టుకుంటే అంకెలు తగ్గిపోతాయి. నలుగురూ నాలుగు ప్రతులు తెచ్చుకుంటే మొదటి రోజంతా “నా పుస్తకంలో లేదు” అన్న పంచాయితీతోనే గడిచిపోతుంది. అందరూ ఒకే ముద్రణ చూడండి.

ఇప్పుడు పద్ధతి. ముందు టైటిళ్లు ఆపి, ఆపి చదవండి. కథ, మాటలు, పాటలు, పద్యాలు ఎవరివో విడివిడిగా రాసుకోండి. పద్యాల దగ్గర పాత కవుల పేర్లు, నాటక కవుల పేర్లు వేస్తే నడిమి మెట్టు ఏదో అక్కడే దొరికినట్టు. దానవీరశూరకర్ణ (1977)లో తిరుపతి వేంకట కవుల పద్యాలు వినబడతాయి. అంటే రాయబారం ఘట్టానికి మీరు పక్కన పెట్టాల్సింది ముందు ఆ కవుల నాటకాలైన పాండవోద్యోగ విజయాలు, ఆ తర్వాతే తిక్కన ఉద్యోగపర్వం. ఈ వరస తప్పితే నాటక కవులు చేసిన మార్పు ఎన్టీఆర్ ఖాతాలో పడుతుంది.

తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. ఎడమ పేజీ సినిమాకు, కుడి పేజీ పుస్తకానికి. ఎడమవైపు నిమిషం, సన్నివేశం, మాట ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు. కుడివైపు సర్గ లేదా ఆశ్వాసం, పద్యం నంబరు. సినిమా మొత్తం రాయొద్దు. మూడు గంటల పౌరాణికాన్ని అంతా రాయబోతే రెండో ఆదివారానికే మనుషులు జారుకుంటారు. ఎనిమిది పది సన్నివేశాలు ఏరుకోండి, అందులో సగం పద్యం ఉన్నవి కావాలి. ప్రతి దాని పక్కన ఒక గుర్తు చాలు: మూలంలో ఉన్నదా, చోటు మారిందా, చేర్చిందా, తీసేసిందా. “ఎవరితో అన్నారు” అన్న గడిని మాత్రం ఖాళీగా వదలొద్దు. అసలు మార్పులు అందులోనే పట్టుబడతాయి.

దానికి మంచి ఉదాహరణ మళ్లీ దానవీరశూరకర్ణే. “ఏమంటివి” అని మొదలయ్యే దుర్యోధనుడి మాటలు నోటికి రాని తెలుగువాడు అరుదు. అక్కడ కులం అడిగిన ఆచార్యుడికే జవాబు అంతా పడుతుంది. మూలంలో అవి రెండు జవాబులు. కర్ణుడి వంశం చెప్పమని కృపుడు అడిగినప్పుడు దుర్యోధనుడు, రాజు కావడానికి దారులు మూడు అంటాడు: రాచకుటుంబంలో పుట్టడం, శూరుడు కావడం, సేనను నడపడం. అని అప్పటికప్పుడే కర్ణుణ్ని అంగరాజుగా అభిషేకిస్తాడు. ఆ తర్వాత కర్ణుడి తండ్రి అధిరథుడు వస్తాడు, భీముడు వెక్కిరిస్తాడు. శూరుల పుట్టుక, నదుల పుట్టుక తెలుసుకోవడం ఎవరి తరం, ద్రోణుడు ఎట్లా పుట్టాడు, కృపుడు ఎట్లా పుట్టాడు అనే మాటలు వచ్చేది అప్పుడు, భీముడికి జవాబుగా. నన్నయ ఆదిపర్వంలోనూ ‘శూరుల జన్మంబు’ అన్న పద్యం ఆ సందర్భంలోదే. సినిమా రెండింటినీ కలిపి ఆచార్యుడి వైపు తిప్పింది. తోటివాడి వెక్కిరింతకు ఇచ్చిన జవాబు, పెద్దవాళ్ల వ్యవస్థకు వేసిన ప్రశ్న అయ్యింది. మాట దాదాపు అదే, వినే మనిషి మారాడు. దుర్యోధనుడు నాయకుడైపోయింది కూడా అక్కడే. “ఉందా లేదా” అని మాత్రమే చూసేవాళ్లు దీన్ని “ఉంది” అని రాసుకొని దాటిపోతారు.

నడిమి మెట్టు అక్కర్లేని సినిమాలూ ఉన్నాయి. నర్తనశాల (1963) చూడండి. ఉత్తర గోగ్రహణంలో బృహన్నల కౌరవ వీరులను ఉత్తరుడికి చూపించే ‘కాంచనమయ వేదికా’ పద్యం అచ్చంగా తిక్కనదే, ఘంటసాల గొంతులో. ఆ సీసంలో ఆరుగురు, ఆరు జెండాలు: ద్రోణుడికి బంగారు వేదిక, అశ్వత్థామకు సింహం తోక, కృపుడికి బంగారు ఎద్దు, కర్ణుడికి శంఖం, దుర్యోధనుడికి పాము, భీష్ముడికి తాటిచెట్టు. పద్యం నడుస్తుండగా సినిమా ఆపి, చెప్పిన గుర్తు తెర మీద కనబడుతుందా లేదా చూసి రాసుకోండి. పది నిమిషాల పని, పిల్లలను కూర్చోబెట్టినా ఇష్టంగా చేస్తారు. మీరు మొదలుపెట్టడానికి లవకుశ కన్నా ఇదే నయం. విరాటపర్వం అయిదే ఆశ్వాసాలు, కీచకవధ రెండో ఆశ్వాసంలో దొరుకుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు మాయాబజార్ (1957). వ్యాసుడి దగ్గరికి గానీ, కవిత్రయం దగ్గరికి గానీ వెళ్లి శశిరేఖను వెతక్కండి, దొరకదు. అది శశిరేఖా పరిణయం అన్న పేరుతో రంగస్థలం మీద బతికిన కథ. భారతకథ అనిపించుకుంటూనే సినిమాలో పాండవులు అయిదుగురిలో ఒక్కరూ కనబడరు. పోల్చదలిస్తే నాటకంతోనే పోల్చాలి. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) కూడా ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాన్ని సురభి నాటక సమాజం వాళ్లు ఆడుతున్నప్పుడు తీసుకున్నదే. అదే పేరుతో 1967లో వచ్చినదానికి మాత్రం పోతన సప్తమ స్కంధం దగ్గర పెట్టుకోవాలి. ‘ఇందుగలడందు లేడని’, ‘మందార మకరంద’ రెండూ అందులో వినబడతాయి. బమ్మెర మీకు పక్కనే గదా, పోతన పద్యం ఒక్కటైనా నోటికి వచ్చినవాళ్లు మీ నలుగురిలో ఉండే ఉంటారు. ఆ మనిషికి ప్రహ్లాదుణ్ని అప్పగించండి.

పేరు చూసి మోసపోయే చోట్లు రెండు చెబుతాను. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నవలకూ, సావిత్రి నటించిన 1960 నాటి ‘చివరకు మిగిలేది’ సినిమాకూ పేరు తప్ప సంబంధం లేదు. సినిమా ఒక బెంగాలీ చిత్రానికి రీమేక్. రెండోది కన్యాశుల్కం. 1955 సినిమాతో పోల్చడానికి గురజాడ 1909 ముద్రణ తీసుకోవాలి. 1897 నాటిది తీసుకుంటే అది దాదాపు వేరే నాటకం. అయినా సినిమాలో వచ్చే పుత్తడి బొమ్మ పూర్ణమ్మ రెండింట్లోనూ ఉండదు, అది గురజాడ వేరే రాసిన గేయం.

మన తెలంగాణ కథే కావాలంటే ‘మా భూమి’ సినిమా ఉంది. దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. నవలలో ఉరికంబం ఎక్కబోయే రాఘవరావు జైల్లో ఆఖరి రాత్రి తన బతుకును నెమరు వేసుకుంటాడు. సినిమాలో రామయ్య కథ చిన్నతనం నుంచి వరుసగా నడుస్తుంది. పేరు మారింది, కాలం నడక మారింది. అన్నిటికన్నా పెద్ద మార్పు పాటలు: బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’, సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’. ఇవి నవల నుంచి రాలేదు, తెలంగాణ సాయుధ పోరాటం నుంచి వచ్చాయి. ఇక్కడ మీ కుడి పేజీలో రెండో నిలువు గీత గీసి “ఉద్యమం” అని రాసుకోవాలి.

ఇక పని చెడేది ఎక్కడంటే, ముందుగా యూట్యూబ్ ప్రతుల దగ్గర. చాలావాటిలో పద్యాలను, ఉపకథలను కోసేస్తారు. లవకుశ అసలు నిడివి మూడు గంటల ఇరవై నిమిషాల పైచిలుకు. మీ ప్రతి మూడు గంటలకే అయిపోతే, “తీసేసింది” అని రాసిన ప్రతి గుర్తూ అనుమానమే. అప్‌లోడ్ చేసినవాడు కోసినదానికి దర్శకుణ్ని తిట్టినట్టవుతుంది. రెండు మూడు ప్రతులు తెరిచి, పొడుగుది తీసుకోండి. తర్వాత వచన భారతాలు, వచన రామాయణాలు. కథ తెలియడానికి అవి బాగుంటాయి, పోల్చడానికి పనికిరావు. ఎవరు ఎవరితో అన్నారన్నది వాటిలో మొట్టమొదట కలిసిపోతుంది. టీటీడీ వేసిన కవిత్రయ భారతం, పోతన భాగవతం పద్యానికి తాత్పర్యంతో దొరుకుతాయి, అవి చాలు. కొనకముందు హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో అడిగి చూడండి.

చివరగా, మీలో ఎవరి ఊళ్లోనైనా చిరుతల రామాయణం (చేతిలో చిరుతలు వాయిస్తూ పాడి ఆడే రామకథ) ఇంకా ఆడుతుంటే, నేర్పే గురువు దగ్గరి రాతపుస్తకం చూపించమని అడగండి. ఫోన్‌లో ఫొటోలు తీసుకొని పుస్తకం వెంటనే తిరిగి ఇచ్చేయండి. లవకుశుల ఘట్టం అందులో ఉంటే మీ నోట్‌బుక్‌లో ఇంకో నిలువు గీత. అది సినిమాకన్నా ముందటిదో, సినిమా చూసి రాసుకున్నదో తేల్చాలంటే పాటల వరసలు వినండి. ఘంటసాల బాణీలో నడిస్తే సినిమా చూసి తెచ్చుకున్నదే.