నడుము నొప్పి: పూస నిజంగా జరిగిందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాగా పనిచేస్తున్నాను. సీజనులో ఉదయం ఎనిమిదింటికి కుర్చీలో కూర్చుంటే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) కంప్యూటరులో ఎక్కించి లేచేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. నాలుగు నెలలుగా నడుము కింది భాగంలో నొప్పి ఉంది, కాలులోకి మాత్రం దిగడం లేదు. ఎమ్మారై తీయిస్తే నాలుగో, ఐదో నడుము పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బిందని రాశారు. మా బావగారు పూస జరిగిందనీ, టక్కున విరిచి సరిచేసే మనిషి దగ్గరకు వెళదామనీ అంటున్నారు. నాకు భయంగా ఉంది. మెల్లగా చేతులతో చేసే చికిత్స ఒకటుందని విన్నాను. అది పనిచేస్తుందా? బెల్టు వాడమంటారా?
– పేరు వెల్లడించవద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు రాసిన రిపోర్టులో పూస జరిగినట్టు ఎక్కడా లేదు. పూస నిజంగా ముందుకు జరిగే జబ్బు వేరే ఉంది. అది ఉంటే ఎక్స్‌రేలోనూ ఎమ్మారైలోనూ కనిపిస్తుంది, రిపోర్టులో స్పష్టంగా రాస్తారు. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది నొప్పికంటె ‘పూస జరిగింది’ అన్న మాటకే ఎక్కువ కుంగిపోయి, వంగడం మానేసి, ఇంట్లో పసిబిడ్డను ఎత్తుకోవడానికి సైతం జంకుతూ ఉంటారు. ఇక డిస్కు ఉబ్బడం అంటారా, నొప్పి అంటే ఏమిటో తెలియని నలభై ఏళ్లవారికి ఎమ్మారై తీసినా దాదాపు సగం మందిలో అది కనిపిస్తుందని 2015లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. వయసుతో జుట్టు నెరిసినట్టే డిస్కులూ మారతాయి.

మరి నొప్పి ఎందుకు వస్తున్నది? మీ ఉత్తరంలోనే జవాబు ఉంది: ఎనిమిది నుంచి రెండు వరకు, ఆరు గంటలు. వంగి కూర్చోవడం తప్పేమీ కాదు; ఏ భంగిమ అయినా కదలకుండా గంటల తరబడి పట్టి ఉంచితే, వెన్ను వెనుక పూసలను కలిపి ఉంచే స్నాయువులు (పట్టీల్లాంటి కట్లు) కొద్దికొద్దిగా సాగి, వాటికి ఆసరాగా పక్క కండరాలు బిగుసుకుని, ఆ బిగువే నొప్పిగా తెలుస్తుంది. నిటారుగా కట్టెలా కూర్చున్నా ఇదే జరుగుతుంది. అందువల్ల ‘సరిగ్గా కూర్చోండి’ అని నేను ఎవరికీ చెప్పను, ‘మాటిమాటికీ లేవండి’ అని చెబుతాను.

చేతి చికిత్స గురించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే దీని మీద అపోహలు ఎక్కువ. మిమ్మల్ని బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద పలచని దిండు పెట్టి, ఫిజియోథెరపిస్టు అరచేతి మడమను నొప్పి ఉన్న పూస మీద ఆనించి, సన్నగా నొక్కి వదులుతూ ఉంటారు. సెకనుకు ఒకటి రెండుసార్లు, అరనిమిషం నుంచి ఒక నిమిషం దాకా. మొదట్లో వెన్నుకు ఇరువైపులా తాడులా బిగిసిన కండరం వేళ్లకు తగులుతుంది. కాసేపటికి అది మెత్తబడుతుంది. లేచి నిలబడి వంగమంటే అంతకుముందు మోకాళ్ల దగ్గర ఆగిపోయిన వేళ్లు పిక్కల దాకా వెళ్తాయి. ఇక్కడ ఎముక ఏదీ తన చోటికి తిరిగి రాలేదు, అసలు చోటు తప్పితే కదా! ఆ మెత్తని కదలిక వల్ల నరాలు పంపే నొప్పి సంకేతం తగ్గుతుంది, కండరం పట్టు వదులుతుంది. విరిచినప్పుడు వచ్చే ‘టక్’మనే చప్పుడు కూడా కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టడం వల్ల వచ్చేదే తప్ప పూస కూర్చున్న చప్పుడు కాదు.

ఈ ఉపశమనం కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉంటుంది. ఆ వ్యవధిలో నడవాలి, వంగాలి, వ్యాయామం మొదలుపెట్టాలి. లేకపోతే వారం వారం బల్ల ఎక్కుతూనే ఉండవలసివస్తుంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు నెలలు దాటిన నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతోపాటు చేతి చికిత్సకూ మర్దనకూ చోటిచ్చింది, బెల్టులనూ, నడుమును లాగిపట్టే ట్రాక్షన్‌నూ మామూలుగా వాడవద్దన్నది. కాబట్టి బెల్టు కొనకండి.

మీ బావగారి మీద కోపం తెచ్చుకోవద్దు. మనవైపు నడుము పడితే ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తన్నించే ఆచారం కూడా ఉంది. హఠాత్తుగా పట్టిన నడుము చాలామందిలో కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది కనుక, ఆ మధ్యలో ఏది చేయించుకుంటే దానికే పేరు వస్తుంది. కానీ శిక్షణ లేని మనిషి చేతికి మెడను మాత్రం ఎన్నటికీ అప్పగించవద్దు. మెడను బలంగా తిప్పడం వల్ల మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు, అరుదుగానైనా, ఉన్నాయి.

మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య తిమ్మిరి, కాలులో బలం తగ్గడం కనిపిస్తే చికిత్సలన్నీ పక్కనపెట్టి అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. జ్వరంతో, కారణం లేకుండా బరువు తగ్గడంతో కూడిన నొప్పినీ ఆలస్యం చేయరాదు.

మీకు చేయదగిన పని ఒకటుంది: పది తక్‌పట్టీలు పూర్తయిన ప్రతిసారీ లేచి కాటా దాకా నడిచి రండి. తిరిగి కూర్చునే ముందు రెండు చేతులూ నడుముకు ఆనించి అయిదారుసార్లు వెనక్కి వంగండి.

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. పుస్తకం మీద వంగి వంగి భుజాలు ముందుకు వచ్చాయి. గూని వస్తుందేమోనని భుజాలను వెనక్కి లాగే బెల్టు కొనాలనుకుంటున్నాను.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: చదువు వల్ల గూని రాదమ్మా. బెల్టు కట్టినంతసేపు అది లాగుతుంది, విప్పితే మళ్లీ మామూలే. పైగా భుజాల కండరాలకు పని తగ్గిపోతుంది. దానికి బదులు సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఒక పరీక్ష చేయండి. పాదాలు కలిపి నిలబెట్టి, చేతులు వేలాడేసి నడుము దగ్గర వంగమని, వెనకనుంచి చూడండి. వీపు ఒక పక్క రెండోదానికంటె ఎత్తుగా లేస్తే అది పక్కకు వంకర తిరిగిన వెన్ను కావచ్చు. పెరిగే వయసులో దాన్ని త్వరగా ఎముకల వైద్యుడికి చూపించాలి. రెండు పక్కలూ సమంగా ఉంటే, సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు అరగంట మేడమీద నడవనివ్వమని హాస్టల్ వార్డెన్‌ను అడగండి.