దూడ అంత బరువు పెరిగింది దాణా వల్ల కాదు

ప్రశ్న: మా జెర్సీ క్రాస్ ఆవుకు ఐవీఎఫ్ (ల్యాబ్‌లో తయారుచేసిన) గిర్ జాతి పిండం పెట్టించాం. ఈనలేకపోతే ఆపరేషన్ చేసి తీశారు. దూడ 46 కిలోలుంది, నాలుక లావుగా బయటికి వేలాడింది, బొడ్డు దగ్గర పేగు బయటపడింది, గంటలో చనిపోయింది. దాణా ఎక్కువైందని మందుల షాపతను అంటున్నాడు. తర్వాత అలాంటి పిండమే పెట్టించిన ఇంకో ఆవు ఇప్పుడు ఏడు నెలల చూడి. దాణా తగ్గించమంటారా? – ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: తగ్గించకండి. గిర్ దూడ పుట్టేటప్పుడు మామూలుగా 20–25 కిలోలుంటుంది. దాణా వల్ల అది రెట్టింపు కాదు, నాలుక లావెక్కదు. మీరు చెప్పిన మూడు లక్షణాలూ కలిపి చూస్తే ల్యాబ్‌లో పెంచిన పిండాల్లో అప్పుడప్పుడు వచ్చే 'పెద్ద దూడ' లోపమనే నా అనుమానం.

చాలా జన్యువుల్లో తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి నుంచి వచ్చిన కాపీ రెండూ పనిచేస్తాయి. కొన్నింటిలో మాత్రం ఏదో ఒకటే పనిచేసేలా ముద్ర పడి ఉంటుంది. ఎదుగుదలను తోసే ఐజీఎఫ్2 జన్యువు తండ్రి వైపు నుంచి, దానికి బ్రేకు వేసే ఐజీఎఫ్2ఆర్ జన్యువు తల్లి వైపు నుంచి పనిచేస్తాయి. పిండం ల్యాబ్ డిష్‌లో ఉండే ఆ మొదటి వారంలోనే ఈ ముద్రలు చెరిగిపోయే ప్రమాదం ఉంది. 2001లో స్కాట్లాండ్‌లోని రోస్లిన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అలా ల్యాబ్‌లో మొదలై, తల్లి కడుపులో మామూలు కంటే పెద్దగా పెరిగిన గొర్రె పిండాల్లో ఈ బ్రేకు జన్యువు ముద్ర పోయి, దాని పని తగ్గిపోయిందని చూపించారు. కాబట్టి కోడెనీ, దాత ఆవునీ తిట్టుకోకండి.

రెండో ఆవును ఈ వారమే పశువైద్యుడికి చూపించండి. కడుపు రెండు పక్కలా డ్రమ్ములా ఉబ్బుతుంటే గర్భసంచిలో నీరు చేరుతోందేమో, ఒక్క రోజు కూడా ఆగొద్దు. మినరల్ మిక్స్చర్ రోజుకు 50 గ్రాములు, చివరి రెండు నెలలు మామూలు దాణాకు అదనంగా కిలో నుంచి కిలోన్నర ఇవ్వండి, కడుపు మాడిస్తే దూడ చిన్నది కాదు, తల్లి నీరసపడుతుంది. పిండం పెట్టిన రోజు నుంచి దాదాపు 278 రోజులు లెక్కేసి, వారం ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. నీటి సంచి కనబడిన గంటలో పని ముందుకు సాగకపోతే ఫోన్ చేయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నొప్పులు రావడానికంటూ షాపులో ఇచ్చే ఆక్సిటోసిన్ సూది వేయించకండి! దూడ అడ్డుపడి ఉండగా అది వేస్తే గర్భసంచి చిరుగుతుంది, ఆవు కూడా పోతుంది. దాణా సలహా, సూది సలహా రెండూ మందులమ్మే వాళ్లనే అడగడం ఎప్పుడు మానతారు?

ఆపరేషనైన ఆవును కనీసం మూడు నెలలు చూడి కట్టించకండి. పిండాలిచ్చిన వాళ్లను అవి ఏ ద్రావణంలో పెంచారో, అందులో సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) కలిపారో లేదో అడిగి రాసుకోండి, రెండో దూడ పుట్టగానే తూచి ఆ బరువూ వాళ్లకు చెప్పండి.