టిబెట్ గురించి మన ఎంపీని ఏమని అడగాలి?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం డిగ్రీ విద్యార్థులం. టిబెట్‌లో చైనా సైనిక ఆక్రమణ పోయేలా మన నాయకులు నోరు విప్పాలని ఎంపీకి ఉత్తరం రాయాలనుకుంటున్నాం. ఉపయోగం ఉంటుందా? ఎలా రాయాలి?
– విద్యార్థుల బృందం, అనంతపురం

జవాబు: ఎంపీ చేయగలిగిన పని ఒకటి అడిగితే తప్పకుండా ఉంటుంది. "టిబెట్‌కు న్యాయం చేయాలి" అని మాత్రమే రాస్తే, మహా అయితే మీ ఉత్తరాన్ని విదేశాంగ శాఖకు పంపిస్తారు. అక్కడి నుంచి "మన వైఖరిలో మార్పు లేదు" అని జవాబొస్తుంది, అంతటితో సరి. "వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న వేయండి" అని అడిగి, ఆ ప్రశ్నను మీరే తయారుచేసి జతపరచండి. అప్పుడు ఎంపీ కార్యాలయం చేయాల్సింది నోటీసు ఇవ్వడం ఒక్కటే.

ముందు మీ ఎంపీ ఎవరో సరిచూసుకోండి. రాప్తాడు అనంతపురాన్ని ఆనుకొనే ఉన్నా హిందూపురం లోక్‌సభ స్థానంలోకి వస్తుంది. డోన్, పాణ్యం వాళ్ల ఎంపీ కర్నూలు ఎంపీ కాదు, నంద్యాల ఎంపీ. తమ ఓటరు కాని వాళ్ల ఉత్తరాన్ని ఏ కార్యాలయమూ అంతగా పట్టించుకోదు. రాజ్యసభ సభ్యులతో ఈ పేచీ లేదు. రాష్ట్రానికి ఉన్న 11 మందిలో ఎవరికైనా రాయొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది సమయం దగ్గరే. ప్రశ్నకు కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లోక్‌సభలో రోజుకు మంత్రి లేచి జవాబు చెప్పే నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, రాతపూర్వకంగా జవాబిచ్చేవి 230. వచ్చిన నోటీసులు ఇంతకన్నా చాలా ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. అందుకే ఒక్క ఎంపీని నమ్ముకోకుండా ఇద్దరు ముగ్గురిని అదే ప్రశ్న వేయమని అడగండి. లోక్‌సభలో విదేశాంగ శాఖ వంతు సాధారణంగా శుక్రవారం. సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే మీ ఉత్తరం చేరాలి. సభ మొదలయ్యాక రాస్తే తొలి శుక్రవారాల గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ప్రశ్న 150 పదాలు దాటకూడదు. అందులో వాదన, విమర్శ, ఎత్తిపొడుపు ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. స్నేహ సంబంధాలున్న విదేశం గురించి అమర్యాదగా రాయకూడదని కూడా సభా నియమాల్లో ఉంది. "దురాక్రమణదారు చైనా" అని మొదలుపెడితే ఆ ప్రశ్న సభ దాకా వెళ్లదు. మీ ఆవేదన ఉత్తరంలో ఎంత ఘాటుగానైనా రాయండి, ప్రశ్నలో మాత్రం వద్దు. నమూనా ఇది:

"విదేశాంగ మంత్రి ఈ విషయాలు తెలుపుతారా: (అ) దలైలామా ప్రతినిధులకూ చైనా ప్రభుత్వానికీ మధ్య 2002లో మొదలైన చర్చల పరంపర 2010 తర్వాత ఆగిపోయిన సంగతి ప్రభుత్వ దృష్టిలో ఉందా, (ఆ) ఉంటే, చర్చలు తిరిగి మొదలయ్యేందుకు తీసుకున్న చర్యలేమిటి, (ఇ) టిబెట్‌లో యార్లుంగ్ త్సాంగ్‌పో నదిపై చైనా కడుతున్న భారీ జలవిద్యుత్ ప్రాజెక్టు విషయమై ఆ దేశంతో జరిపిన సంప్రదింపుల వివరాలేమిటి?"

మూడో అంశాన్ని కావాలనే చేర్చాం. ఆ నదే కిందికి వచ్చి బ్రహ్మపుత్ర అవుతుంది. టిబెట్ అంటే మనకెందుకని అడిగేవాళ్లు సీమలోనూ ఉంటారు. పైన గేట్లు ఒకరి చేతిలో ఉంటే కింద ఏమవుతుందో తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) చివరి భూముల రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఉత్తరం ఒక పేజీ చాలు, తెలుగులోనే రాయండి. పేరు, పిన్‌కోడ్‌తో చిరునామా, అసెంబ్లీ నియోజకవర్గం ఉండాలి. ఆధార్ నకలు అవసరం లేదు. పేపర్ కటింగుల కట్ట జతచేయొద్దు. వాట్సాప్‌లో వచ్చిన ఒకే మాటరును వందమంది పంపితే దాన్ని ఒక్క ఉత్తరంగానే చూస్తారు. పదిమంది సొంత మాటల్లో రాసినవి అంతకన్నా బరువు తూగుతాయి. స్పీడ్‌పోస్టులో పంపి, పది రోజులకు ఫోన్ చేసి, "ప్రశ్న నోటీసు ఇచ్చారా, ఏ తేదీకి?" అని పీఏను అడగండి. జవాబొచ్చాక పార్లమెంటు వెబ్‌సైటులో పూర్తిగా చదవండి. మంత్రి తప్పించుకున్న చోటే మీ తర్వాతి ప్రశ్న దొరుకుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో రెండు తరాలుగా కువైట్ జీతమే. ఇరాక్ ఆక్రమిస్తే ఏడు నెలల్లో విడిపించిన ప్రపంచం టిబెట్‌ను ఎందుకు వదిలేసింది?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కువైట్ ఐక్యరాజ్యసమితి సభ్యదేశం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగిన రోజే భద్రతామండలి 660వ తీర్మానంతో వెనక్కి పొమ్మంది. నవంబరులో 678వ తీర్మానం బలప్రయోగానికి అనుమతి ఇచ్చింది. ఆ ఓటింగులో చైనా తటస్థంగా ఉండిపోయింది. టిబెట్‌కు సమితిలో సభ్యత్వం లేదు. 1950 అక్టోబరులో చైనా సైన్యం తూర్పు టిబెట్‌లోని చామ్‌దోలోకి వచ్చినప్పుడు ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం విషయాన్ని సమితిలో లేవనెత్తింది. శాంతియుతంగా తేలుతుందన్న ఆశతో భారత్ సహా పలు దేశాలు దాన్ని వాయిదా వేయించాయి. ఆ వాయిదా ఖరీదు చాలా పెద్దది. 1959, 1961, 1965లలో జనరల్ అసెంబ్లీ తీర్మానాలు చేసింది, 1965 నాటి దానికి భారత్ మద్దతిచ్చింది. కానీ అసెంబ్లీ తీర్మానం సైన్యాన్ని కదిలించలేదు. 1971 నుంచి భద్రతామండలిలో చైనాకే వీటో ఉంది.

మీరు కువైట్‌తో కాదు, తూర్పు తైమూరుతో పోల్చి చూడండి. 1975 డిసెంబరులో ఇండోనేషియా ఆక్రమించింది. భద్రతామండలి చెప్పినా వినలేదు. 1991లో డిలీ శ్మశానంలో జరిగిన కాల్పుల దృశ్యాలు బయటికొచ్చాక అనేక దేశాల్లో జనం తమ చట్టసభల సభ్యుల వెంటపడ్డారు. 1992లో అమెరికా కాంగ్రెస్ ఇండోనేషియాకు సైనిక శిక్షణ నిధులు ఆపింది. 1999 ఆగస్టు 30న ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 78.5 శాతం మంది స్వాతంత్ర్యం వైపు నిలిచారు. ఇండోనేషియా వైపు ఆర్థిక సంక్షోభం, అధ్యక్షుడి పతనం కూడా తోడయ్యాయన్నది నిజమే. కానీ ఆ తలుపు తెరుచుకునే వేళకు బయట మాట్లాడేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

ప్రశ్న: టిబెట్ స్వయంపాలిత ప్రాంతం చైనాలో భాగమని 2003లో మన ప్రభుత్వమే ఒప్పుకుంది కదా! ఇంకేం అడుగుతాం?
– ఒక ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: అందుకే స్వాతంత్ర్యాన్ని గుర్తించమని అడగకుండా చర్చల గురించి అడగమంటున్నాం. దలైలామా కూడా 1988 స్ట్రాస్‌బర్గ్ ప్రసంగం నుంచి అడుగుతున్నది నిజమైన స్వయంపాలనే. పైగా 2003 ప్రకటనలో ఉన్నది 1965లో చైనా గీసిన స్వయంపాలిత ప్రాంతం మాట. టిబెటన్లలో సగానికి పైగా దానికి బయట, చింగ్‌హై, సిచువాన్, గాన్సు, యునాన్‌లలో ఉంటారు. టిబెటన్ బౌద్ధంలో దలైలామా తర్వాతి పెద్ద గురువు పంచెన్ లామా. 1995లో ఆ స్థానానికి గుర్తించిన ఆరేళ్ల బాలుణ్ని చైనా తీసుకుపోయింది, ఇప్పటికీ బయటి ప్రపంచానికి చూపలేదు. ఆ అబ్బాయి ఎక్కడున్నాడని అడగడానికి ఏ ప్రకటనా అడ్డురాదు.

ప్రశ్న: మూడు వందల సంతకాలు సేకరించాం. నేరుగా పార్లమెంటుకు పంపొచ్చా? కలెక్టర్‌కు ఇవ్వాలా?
– యువజన సంఘం, కర్నూలు

జవాబు: విదేశాంగం కేంద్రం పరిధిలోది. కలెక్టర్‌కు ఇస్తే పైకి పంపడం తప్ప ఏమీ చేయలేరు. లోక్‌సభకు పిటిషన్ ఇవ్వొచ్చు, కానీ దానికి పద్ధతి ఉంది. సభను ఉద్దేశించి, మర్యాదైన భాషలో, చివర స్పష్టమైన విన్నపంతో రాయాలి. తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేసి, దానిమీదా సంతకం పెట్టాలి. వేరే ఏ కాగితాలూ జతచేయకూడదు. సభలో ప్రవేశపెట్టే ఎంపీ దానిమీద సంతకం చేయాలి. కాబట్టి ముందు ఎంపీని ఒప్పించి, తర్వాత సంతకాలకు తిరగండి. విన్నపం లేని ఖాళీ కాగితాల మీద సేకరించిన సంతకాలైతే పనికిరావు, మళ్లీ తీసుకోవాల్సిందే.

ప్రశ్న: చలికాలంలో మా ఊరికి స్వెటర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్ల చేత సంతకం చేయించవచ్చా?
– ఒక వ్యాపారి, ఆదోని

జవాబు: వద్దు. వాళ్లలో చాలామంది విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఇక్కడ ఉంటున్నారు, దాన్ని గడువు ప్రకారం రెన్యువల్ చేయించుకోవాలి. బంధువులు ఇంకా టిబెట్‌లోనే ఉన్నవాళ్లూ ఉంటారు, ఇక్కడ కనిపించిన పేరుకు అక్కడ కష్టం రావచ్చు. వాళ్ల ఫొటోలు కూడా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఎంపీని అడిగే హక్కు ఓటరుగా మీది, సంతకమూ మీరే చేయండి.