కరెంటు పోయొస్తే డిస్కు పేర్లు మారిపోతున్నాయి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, పెళ్లి వీడియోల స్టూడియో. లైనక్స్ సర్వరుకి మూడు డిస్కు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి శాస్ (సర్వరు డిస్కుల్ని కలిపే రకం) కేబుళ్లతో కలిపాం, మొత్తం 36 డిస్కులు. కరెంటు పోయొచ్చాక నిన్న ఎస్‌డీసీ అనే పేరున్న డిస్కు ఇవాళ ఎస్‌డీఏఎఫ్ అవుతోంది. పాడైనదనుకుని మంచి డిస్కు లాగేస్తానేమోనని టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ఆ పేర్లు డిస్కులవి కావండీ, కెర్నెల్‌కి, అంటే లైనక్స్ మూల ప్రోగ్రాముకి, ఏది ముందు కనబడితే దానికి వరుసగా తగిలించేవి, ఎస్‌డీఏ నుంచి ఎస్‌డీజెడ్ దాకా 26 అయ్యాక ఎస్‌డీఏఏ మొదలవుతుంది, ఒక్క పెట్టె ఆలస్యంగా లేచినా వరుసంతా జరిగిపోవచ్చు. వాటిని నమ్మకండి. సీరియల్ నంబరు, డబ్ల్యూడబ్ల్యూఎన్ (ఒక్కో డిస్కుకి తయారీలోనే ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు) మారవు. డెవ్‌లో డిస్క్ కింద బై-ఐడీ ఫోల్డరులో (/dev/disk/by-id) ఉండే పేర్లు వాటితో చేసినవే, సెట్టింగుల్లో ఆ పేర్లే రాయండి. ఒకే సీరియల్ రెండుచోట్ల కనబడిందా, దానికి రెండు కేబుల్ దారులున్నట్టు, ఆ రెండు దారుల్నీ ఒకే డిస్కుగా చూపే మల్టీపాత్ పెట్టుకోవాలి. లాగేముందు మాత్రం లెడ్‌సీటీఎల్ (ledctl) అనే కమాండుతో ఆ డిస్కు గూటి లైటు వెలిగించుకోండి, తీశాక స్టిక్కరు మీది సీరియల్ కూడా సరిచూడండి.