టేకు స్టంపులు నాటడానికి కార్డ్‌లెస్ డ్రిల్లు ఏది తీసుకోవాలి?

నల్లగొండ దగ్గర ఎర్ర చెలకలో, గట్ల వెంట టేకు స్టంపులు (వేరు, కాండం కత్తిరించిన నారు ముక్కలు) నాటాలి, ఇంట్లోని 12 వోల్టుల డ్రిల్లుకు ఆగర్ (మట్టిలో గుంత తవ్వే మర బిట్టు) బిగిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి, మోటారు కాలిపోయే ప్రమాదం ఉంది.

కొనేటప్పుడు చాలామంది వోల్టులే చూస్తారు. మీరు టార్క్, అంటే తిప్పే బలం, చూడండి. 2 అంగుళాల ఆగర్‌కు కనీసం 60 న్యూటన్ మీటర్లు ఉండాలని నా లెక్క. 18 వోల్టులు, బ్రష్‌లెస్ మోటారు, 13 మిల్లీమీటర్ల చక్ (బిట్టును పట్టి ఉంచే భాగం), 4 ఆంపియర్ అవర్లకు తగ్గని బ్యాటరీ తీసుకోండి. తక్కువ వేగం గేరులోనే తిప్పాలి, హ్యామర్ మోడ్ (కొడుతూ తిరిగేది) వాడొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం పక్క హ్యాండిల్. మన చెలకల్లో జానెడు లోతుకే మొరమో గుండ్రాయో తగులుతుంది. ఆగర్ టక్కున ఆగితే డ్రిల్లు గిర్రున తిరిగి మణికట్టును మెలిపెడుతుంది. హ్యాండిల్ లేనిది ఎంత చవకైనా వద్దు. కాస్త దిగగానే పైకి లాగి మట్టి దులపండి. వాన పడ్డాక నేల పదును మీదున్నప్పుడు పని తేలిక. ఎండిన నేలైతే ముందురోజు సాయంత్రం నీళ్లు పోయండి.

బత్తాయి గుంతలకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. అవి మీటరు వరకు వెడల్పు, లోతు ఉంటాయి కాబట్టి జేసీబీ మాట్లాడుకోండి.